ఆ మూల బల్ల దగ్గర జివ్వుమంటోందమ్మా

మా ఫ్యాక్టరీలో నేను చూసిన మొదటి అసలైన ప్రమాదాన్ని నేను కనిపెట్టలేదు. ఆరో నంబరు బల్ల దగ్గర రొయ్యలు వలిచే ఒక పిన్ని చెప్పింది. అది కూడా నాతో కాదు. రాత్రి టీ టైములో పక్కనున్నావిడతో అంటుంటే నా చెవిన పడింది. "ఆ మూలకి నేను వెళ్ళనే. చెయ్యి ఆనిస్తే జివ్వుమంటోంది."

భీమవరం నుంచి నరసాపురం వెళ్ళే దారిలో ఒక రొయ్యల ప్రాసెసింగ్ ప్లాంటులో నేను సేఫ్టీ చూస్తాను. 2017 జూన్‌లో చేరాను. అంతకుముందు బీఎస్సీ కెమిస్ట్రీ చదివి, వేరే ప్లాంటు ల్యాబులో పనిచేశాను. తర్వాత ఇండస్ట్రియల్ సేఫ్టీలో డిప్లొమా చేశాను. మా అమ్మ పదహారేళ్ళు పీలింగ్ షెడ్డులో రొయ్య వలిచింది. రాత్రి అన్నం కలుపుకుంటే వేళ్ళు మండుతున్నాయని స్పూనుతో తినేది. ఆ చేతులు చూసి పెరిగాను కాబట్టి ఈ పనిలో ఉండే కష్టం, ప్రమాదం నాకు తెలుసనుకునేదాన్ని.

చేరిన మొదటి నెలలోనే ప్లాంటు మొత్తానికి రిస్క్ అసెస్‌మెంట్, అంటే ఎక్కడ ఏ ప్రమాదం ఉందో, దానికి ఏం చేయాలో రాసే పట్టిక, చేయమన్నారు. ఆఫీసు గదిలో కూర్చుని చేశాను. జారి పడటం, వేలు తెగడం, కరెంటు షాకు, అమ్మోనియా లీకు, ఇలా నలభై ఏడు అంశాలు రాశాను. చివరి గడిలో దాదాపు అన్నిటికీ ఒకటే మందు. జాగ్రత్తగా ఉండాలి, శిక్షణ ఇవ్వాలి, గ్లౌజులు వేసుకోవాలి. ఆడిటుకి వచ్చినవాళ్ళు చూసి బాగుందన్నారు. కరెంటు షాకు అనే మాట అందులో ఉంది. ఆరో నంబరు బల్ల మాత్రం లేదు.

పిన్ని మాట విన్న వెంటనే ఆ వరుస ఆపించి ఎలక్ట్రీషియన్‌ని పిలిచాను. మీటరు పెట్టి చూస్తే బల్లకీ తడి నేలకీ మధ్య వోల్టేజీ ఉంది. పక్కనే క్రేట్లు కడిగే మెషిను. దాని మోటారు వైరు బల్ల కాలికి ఒరుసుకుని పై తొడుగు తెగిపోయింది. పోనీ బల్లకు ఎర్తు ఉందా అంటే, మోటారును రిపేరుకు విప్పినప్పుడు బల్ల నుంచి తీసిన ఎర్తు వైరును మళ్ళీ బిగించలేదు. బల్ల స్టెయిన్‌లెస్ స్టీలు. నేల మీద ఇరవై నాలుగు గంటలూ నీళ్ళే.

ఆ బల్ల దగ్గర పద్నాలుగు మంది పనిచేస్తుంటే ముగ్గురికే జివ్వుమంది. ఎందుకో అర్థం కాక అందరి బూట్లూ విప్పించి చూశాను. గమ్‌బూటు అడుగు పగిలి లోపలికి నీళ్ళు దిగినవాళ్ళు ఆ ముగ్గురే. మిగతా పదకొండు మందిని ఆ రబ్బరు అడుగు కాపాడుతోంది. అప్పటికి పదకొండు రోజులుగా ఇలాగే నడుస్తోంది. ఆ ముగ్గురూ ఆ మూల వదిలేసి పక్కకు జరిగి నిలబడుతున్నారు. కొత్తగా వచ్చిన అమ్మాయికి "మంచి బూట్లు చూసి వేసుకో" అని కూడా చెప్పారు. ఏ చోట ఉందో, ఎవరికి తగులుతోందో, ఎలా తప్పించుకోవాలో వాళ్ళకు తెలుసు. నా నలభై ఏడు అంశాల్లో ఆ మూడింట్లో ఒక్కటీ లేదు.

"ముందే చెప్పొచ్చు కదా పిన్నీ" అన్నాను.

"చెబితే మమ్మల్ని వేరే బల్లకి మారుస్తారమ్మా. ఈ బల్ల మీదకి పెద్ద రొయ్య వస్తుంది. కిలో తొందరగా తూగుద్ది."

వలిచినదానికి కిలో లెక్కన కూలి. చిన్న రొయ్య అయితే కిలో తూగడానికి ఎన్నో ఎక్కువ కాయలు (రొయ్యను మేము కాయ అంటాం) వలవాలి. ప్రమాదం గురించి నోరు విప్పితే కూలి తగ్గుతుందంటే ఎవరు చెబుతారు? ఆ రాత్రి నాకు నిద్ర పట్టలేదు. మర్నాడు మేనేజరు గారితో మాట్లాడి ఒక మాట తీసుకున్నాను. ఎవరైనా ప్రమాదం చెబితే, దాన్ని బాగు చేసేంతవరకు వాళ్ళకు అదే సైజు రొయ్య ఇవ్వాలి. తెగిన వైరు మార్చడానికి గంట పట్టింది. ఈ మాట రాతలోకి రావడానికి రెండు నెలలు పట్టింది.

అప్పటి నుంచి "ఏమైనా సమస్యలున్నాయా?" అని అడగడం మానేశాను. ఆ ప్రశ్నకు మా వైపు ఒకటే జవాబు. "ఆయ్, ఏం లేదండి." ఇప్పుడు ఇలా అడుగుతాను. "రేపు మీ అమ్మాయిని ఇక్కడ పనిలో పెడితే ఏ చోట నిలబడొద్దని చెబుతారు?" అప్పుడు మాటలు వాటంతట అవే వస్తాయి. ఐస్ క్రషరు నోటి దగ్గర వద్దు, గడ్డ ఇరుక్కుంటే చేత్తో తోస్తారు. రెండో బ్లాస్ట్ ఫ్రీజరులోకి ఒంటరిగా వద్దు, లోపలి పిడి మంచు పట్టి బిగుసుకుంటుంది. రాత్రి బస్సు దిగాక బోదె గట్టు మీద నడవొద్దు, కట్లపాము తిరుగుతుంది. ఆ ఫ్రీజరులో మైనస్ 40 డిగ్రీల చలి. లోపలి పిడి పనిచేయడం లేదన్న సంగతి మెయింటెనెన్స్ రిజిస్టరులో ఎక్కడా లేదు. ట్రాలీ తోసే కుర్రాడు తలుపు సందులో చెక్క ముక్క పెట్టి లోపలికి వెళ్తున్నాడు. నాకు ఆ చెక్క ముక్క చాలాసార్లు కనిపించింది. చెత్త అనుకుని ఒకసారి తీయించాను కూడా.

ఇప్పుడు ఎక్కడైనా అలాంటి చెక్క ముక్క, కట్టిన గుడ్డ పీలిక, టేపు చుట్టిన పిడి కనిపిస్తే ముందు అక్కడ ఆగుతాను. పనిచేసే మనిషి తన ప్రాణం కోసం చేసుకున్న ఏర్పాటు అది. దాని వెనక ఏదో ఒకటి ఉంటుంది.

మా పనిలో రెండు మాటలు వేరువేరుగా వాడతాం. హాని చేయగలిగినది ఏదైనా హజార్డు. అది ఎవరికి తగులుతుంది, ఎంత తరచుగా, తగిలితే ఎంత నష్టం అని చూస్తే తేలేది రిస్కు. ట్యాంకులో ఉన్న అమ్మోనియా హజార్డు. కారుతున్న వాల్వు కింద రోజూ ఎనిమిది గంటలు కూర్చునే ఆపరేటరుకు ఉన్నది రిస్కు. దీనికి ఒక లెక్క ఉంది. జరిగే అవకాశానికి 1 నుంచి 5 వరకు, జరిగితే నష్టానికి 1 నుంచి 5 వరకు మార్కులు వేసి, రెండూ గుణిస్తారు. ఎక్కువ వచ్చినదాన్ని ముందు బాగు చేయాలి.

గుణకారం ఎవరికైనా వస్తుంది. గొడవంతా ఆ మొదటి అంకె దగ్గరే. ఆరో నంబరు బల్ల గురించి మీటింగులో ఒక పెద్దాయన, "ఇన్నేళ్ళలో ఎవరికీ ఏమీ కాలేదు కదమ్మా, అవకాశం 1 వెయ్యండి" అన్నారు. ఏమీ కాకపోవడానికి కారణం చెప్పండి, వేస్తానన్నాను. కారణం గమ్‌బూట్లు. రోజూ ఉప్పునీళ్ళలో, క్లోరిన్ నీళ్ళలో నానే బూటు ఎన్ని నెలలు ఆగుతుంది? నేను 4 వేశాను. నష్టానికి 5. మొత్తం 20. గతంలో ఏమీ జరగలేదన్నది ఒక్కటే ఆధారమైతే, అవకాశానికి నేను 1 ఎప్పుడూ వేయను.

ప్రమాదం అంటే మనకు పెద్దవే గుర్తుంటాయి. 1995 సంక్రాంతి సెలవులకు నేను రాజోలు దగ్గర మా అమ్మమ్మగారింట్లో ఉన్నాను. ఆ జనవరి 8న పాశర్లపూడిలో ఓఎన్‌జీసీ బావి పేలింది. 65 రోజులు మండింది. రాత్రి పెరట్లో దీపం లేకుండా గిన్నెలు తోముకునేంత వెలుతురు. అమ్మమ్మ కొబ్బరి చెట్లను చూస్తూ దణ్ణం పెట్టుకునేది. చాలాకాలం నాకు ప్రమాదం అనే మాట వింటే ఆ ఎర్రటి ఆకాశమే కనిపించేది. ఈ ఉద్యోగంలోకి వచ్చాక తెలిసింది, మా డెల్టాలో ఒక్కొక్కరుగా మనుషులను తీసుకుపోయేవి చాలా చిన్నవి. గట్టు మీద తడిసిన స్టార్టరు పెట్టె, మూత తీసిన సంపు, నాచు పట్టిన మెట్టు. వాటికి ఆకాశం ఎర్రబడదు.

పెద్దవాటిని వదిలేయమని కాదు. మా ప్లాంటులో పెద్దది అమ్మోనియా. ఫ్రీజర్లన్నీ దాని మీదే నడుస్తాయి. మామూలు గాలి ఒత్తిడిలో మైనస్ 33 డిగ్రీలకే మరిగే ద్రవం కాబట్టి బయటికి వచ్చిన క్షణం నుంచి ఆవిరే. నీళ్ళంటే దానికి చాలా ఇష్టం, అందుకే కళ్ళలో, గొంతులో, చెమట పట్టిన చోట ముందు మండుతుంది. ఎనిమిది గంటలు పనిచేసేవాళ్ళకు గాలిలో సగటున 25 పీపీఎం, అంటే పది లక్షల పాళ్ళలో 25 పాళ్ళు, మించకూడదని లెక్క. 300కి చేరితే అక్కడ ఒక్క నిమిషం కూడా ఉండకూడదు. దీని ఘాటు చాలా తక్కువ మోతాదులోనే తెలిసిపోతుంది కాబట్టి ముక్కే మన అలారం అని అందరూ అంటారు. కంప్రెసర్ రూములో పనిచేసే ఒక బాబాయిని అడిగాను. "నాకు వాసన రాదమ్మా. ఇరవై ఏళ్ళయింది, అలవాటైపోయింది" అన్నాడు. ఆయన ముక్కు మీద ఆధారపడి కింద రెండు వందల మంది పనిచేస్తున్నారు. ఆ ఏడాది సెన్సార్లు పెట్టించాం.

లీకు డ్రిల్లు మొదటిసారి మధ్యాహ్నం మూడింటికి చేశాం. అందరూ నాలుగు నిమిషాల్లో దక్షిణం గేటు దగ్గర చేరారు. ఫోటోలు తీశారు. ఎందుకో నాకు మనసు ఒప్పలేదు. రాత్రి రెండింటికి ఇంకోసారి చేద్దామని పట్టుబట్టాను. చాలామందికి కోపం వచ్చింది. ఆ రాత్రి కూడా అందరూ దక్షిణం గేటుకే పరుగెత్తారు. నేను గేటు దగ్గర అగరుబత్తి వెలిగించి పట్టుకున్నాను. పొగ మా అందరి మీదుగా బయటికి పోతోంది. మధ్యాహ్నం సముద్రం మీద నుంచి పైరగాలి వస్తుంది, అప్పుడు దక్షిణం వైపు క్షేమం. అర్ధరాత్రి దాటాక గాలి తిరగబడి నేల మీద నుంచి సముద్రం వైపు పోతుంది. అంటే నిజంగా లీకయి ఉంటే ఆ ఆవిరంతా మేము చేరిన గేటు మీదకే వచ్చేది. పొలానికి వెళ్ళే ఏ రైతును అడిగినా చెప్పే సంగతి ఇది. మా ప్లానులో మాత్రం అందరూ చేరాల్సిన చోటు, అసెంబ్లీ పాయింటు, ఒకటే ఉంది.

ఇప్పుడు రెండు ఉన్నాయి. రెండోది ఉత్తరాన కొబ్బరి తోట దగ్గర. మేడ మీద గాలి గుడ్డ కట్టి, రాత్రి కనపడేలా దానికి చిన్న దీపం పెట్టాం. చెప్పేది కూడా మారింది. గేటుకి పరుగెత్తండి అని కాదు, గుడ్డ చూడండి, ముందు గాలికి అడ్డంగా తప్పుకోండి, ఆ తర్వాత గాలి వచ్చే వైపుకు వెళ్ళండి. దొరికితే తడి గుడ్డ ముక్కుకు పెట్టుకోండి. మైకులో ఇదంతా తెలుగులోనే చెప్పేవాళ్ళం. ఒడిశా నుంచి వచ్చిన పిల్లలు పక్కవాళ్ళ మొహాలు చూసి పరుగెత్తేవాళ్ళు. వాళ్ళలో ఒక అమ్మాయి చేతే ఒడియాలో చెప్పించి రికార్డు చేశాం.

ప్లాంటులో వాడిన నీళ్ళు చేరే గుంట, సంపు, గురించి రాయకుండా ఉండలేను. నేను ఈ ఉద్యోగంలో చేరడానికి మూడు నెలల ముందు, 2017 మార్చి 30న, మొగల్తూరు మండలంలో ఒక రొయ్యల ప్లాంటులో ట్యాంకు శుభ్రం చేసే పనిలో విషవాయువు పీల్చి ఐదుగురు కార్మికులు చనిపోయారు. ఈ చుట్టుపక్కల ఆ రోజు మరచిపోయినవాళ్ళు లేరు.

రొయ్య తలలు, పెంకులు, కడిగిన నీళ్ళు చేరే చోట గాలి ఆడకపోతే బురద కుళ్ళి హైడ్రోజన్ సల్ఫైడు పుడుతుంది. గాలి కంటే బరువు కాబట్టి గుంటలో అడుగునే ఉంటుంది. కొంచెం ఉన్నప్పుడు కుళ్ళిన కోడిగుడ్డు వాసన. 100 పీపీఎం దగ్గరికి వచ్చేసరికి ముక్కు పనిచేయడం మానేస్తుంది. వాసన తగ్గింది, ఇక దిగొచ్చు అనుకునే సమయానికి అది ప్రాణం తీసేంత ఉంటుంది. ఒకరు పడిపోగానే పైనున్నవాళ్ళు ఆగలేరు. తోటివాడు కళ్ళముందు పడిపోతే ఎవరు ఆగుతారు? ఆ మంచితనమే రెండో ప్రాణాన్ని, మూడో ప్రాణాన్ని తీసుకుపోతుంది. అందుకని "ఎవరైనా పడిపోతే దిగొద్దు" అనే బోర్డును నేను నమ్ముకోను. మనిషి గుండె బోర్డు చదవదు.

మేము అడగాల్సిన ప్రశ్న వేరే అని నాకు తర్వాత తట్టింది. అసలు మనిషి ఎందుకు దిగుతున్నాడు? పంపులో పెంకులు ఇరుక్కుంటే తీయడానికి. పెంకులు అక్కడిదాకా ఎందుకు వస్తున్నాయి? కాలువలో జల్లెడ లేదు కాబట్టి. పంపును పైకి ఎందుకు తీయలేకపోతున్నారు? అడుగున బోల్టు వేసి బిగించారు కాబట్టి. జల్లెడ బుట్ట పెట్టించాం. పంపును గొలుసుతో పైకి లాగేలా మార్పించాం. ఈ ఐదేళ్ళలో ఆ సంపులోకి మనిషి దిగింది రెండే రెండు సార్లు. ఆ రెండు సార్లూ ముందు బ్లోయరుతో గాలి పంపి, మీటరు తాడుతో దించి, పైన, నడుమ, అడుగున మూడు చోట్లా చూశాం. ఆక్సిజన్ 19.5 శాతం కంటే తగ్గితే దిగేది లేదు, మామూలు గాలిలో 20.9 ఉంటుంది. దిగిన మనిషి ఒంటికి పట్టీ, పట్టీకి తాడు, తాడుకు పైన ముక్కాలి. పైనున్న మనిషి దిగకుండానే లాగగలగాలి. ఇలాంటి చోట్ల మనిషిని దించే ముందు ఏమేం చేయాలో 1948 నాటి ఫ్యాక్టరీల చట్టం 36వ సెక్షన్‌లోనే ఉంది. 2025 నవంబరు 21 నుంచి ఆ చట్టం స్థానంలో కార్మికుల భద్రతపై కొత్త చట్టం (కోడ్) వచ్చింది. చట్టం పేరు మారినా గుంటలో గాలి మారదు.

ఇక నాకు అన్నిటికంటే ఆలస్యంగా కనిపించింది, ఇప్పటికీ పూర్తిగా బాగు చేయలేకపోయింది ఒకటి ఉంది. మా యాక్సిడెంట్ రిజిస్టరులో ఏడాదికి నాలుగైదు పేర్లు ఉంటాయి. ఫస్ట్ ఎయిడ్ గదిలో నర్సు రాసుకునే నోటు పుస్తకం మాత్రం రెండు నెలలకొకటి నిండిపోతుంది. ఒకరోజు ఆ పుస్తకాలు ముందేసుకుని కూర్చున్నాను. రొయ్య కొమ్ము గుచ్చుకున్న వేళ్ళు, గోళ్ళ సందుల్లో ఒరుపు, నడుం నొప్పి. వాటి మధ్యలో పదే పదే ఒకటే. మూత్రంలో మంట.

నర్సు అక్కనడిగితే తల వంచుకుని చెప్పింది. "నీళ్ళు తాగరండి. తాగితే వెళ్ళాలి కదా."

మరుసటి రాత్రి వాచీ పెట్టుకుని లెక్క చూశాను. బల్ల దగ్గర నుంచి బయలుదేరి, ఏప్రాను, గ్లౌజులు తీసి, బూట్లు మార్చుకుని, బాత్రూముకు వెళ్ళి వచ్చి, మళ్ళీ తలకు టోపీ, బూట్లు, చేతులు కడుక్కోవడం, క్లోరిన్ నీళ్ళలో కాళ్ళు ముంచడం, వెంట్రుకలు ఉన్నాయేమో రోలరుతో చూపించుకోవడం. మొత్తం పద్నాలుగు నిమిషాలు. ఆ పద్నాలుగు నిమిషాల కూలి పోతుంది. రొయ్య శుభ్రంగా ఉండటానికి పెట్టిన నియమాలు ఇవన్నీ, వాటిని నేనూ సమర్థిస్తాను. కానీ ఆ శుభ్రత ఖర్చు వాళ్ళ ఒంట్లోంచి పోతోంది. ఇది ఏ గడిలో రాయాలి? మా ఫారంలో "హాని ఎప్పుడు జరుగుతుంది" అన్నచోట తేదీ ఉంటుంది. నెమ్మదిగా జరిగేదానికి తేదీ ఉండదు. మా అమ్మకు అలాగే వచ్చింది. నేను చిన్నదాన్ని, వేడి చేసిందని మజ్జిగ తాగించేవాళ్ళం.

ఇప్పుడు ప్రతి రెండు బల్లలకు ఒక మనిషిని అదనంగా పెట్టారు. ఎవరైనా వెళ్తే ఆ మనిషి వాళ్ళ తట్టలో వలుస్తుంది, కిలోలు వెళ్ళినవాళ్ళకే పడతాయి. హాలుకు ఆనుకుని ఇంకో బాత్రూము కట్టమని అడిగాను. ఎస్టిమేటు వేశారు. అక్కడే ఉంది. నేను ప్రతి మీటింగులో మొదట దాన్నే అడుగుతున్నాను, అడుగుతూనే ఉంటాను.

చేతుల మంటకు కారణం కూడా అదే పుస్తకం చూపించింది. ఒక వారం కేసులు ఎక్కువ, ఒక వారం తక్కువ. చూస్తే, క్లోరిన్ కలిపే అబ్బాయి మారిన వారాల్లో ఎక్కువ. మూత లెక్కన పోస్తున్నారు, ఎవరి మూత వాళ్ళది. గీతలు ఉన్న జగ్గు కొన్నాం, కాగితం ముంచి రంగు చూడటం నేర్పాం. ఆ సమస్య అంతటితో తీరింది. బల్లలు కడిగే యాసిడ్‌ను ఆ క్లోరిన్ డబ్బాల పక్కన పెట్టడం కూడా అప్పుడే మాన్పించాను, రెండూ కలిస్తే వచ్చేది విషవాయువే.

ఇదంతా ఉద్యోగం. ఇంటి సంగతి చెప్పాలి.

మా తమ్ముడు రెండెకరాల చెరువు లీజుకు తీసుకుని వనామీ రొయ్య వేస్తాడు. నీళ్ళను చిలికి గాలి కలిపే చక్రాలు, నాలుగు ఏరియేటర్లు ఉన్నాయి. పోయిన వేసవిలో ఒక ఆదివారం క్యారేజీ తీసుకుని చెరువు దగ్గరికి వెళ్ళాను. వాడు నడుం లోతు నీళ్ళలో నిలబడి, తిరుగుతున్న చక్రం పక్కనే చెయ్యి పెట్టి, చిక్కుకున్న నాచు లాగుతున్నాడు. 440 వోల్టుల లైను. వైరు అతుకు మీద టేపు చుట్టి వెదురు కర్రకు కట్టాడు, ఆ కర్ర వంగి అతుకు నీళ్ళను తాకుతోంది. నాకు కాళ్ళు వణికాయి. గట్టు మీద నుంచే అరిచాను.

"స్విచ్ ఆపి దిగొచ్చు కదరా!"

"అన్నిటికీ ఒకటే స్టార్టరక్కా. ఆపితే నాలుగూ ఆగిపోతాయి. కాయ పైకి తేలిపోద్ది."

పగలు చెరువులో ఆక్సిజన్ బాగానే ఉంటుంది. తెల్లవారుజామున మూడు, నాలుగు గంటలకు బాగా పడిపోతుంది. నాచు ఇరుక్కునేది, చక్రం ఆగేది కూడా ఎక్కువగా అప్పుడే. ఆరు లక్షల అప్పు నీళ్ళలో ఉన్నప్పుడు నాలుగు ఏరియేటర్లూ ఆపి దిగమంటే ఏ రైతూ వినడు. వాడికి నిర్లక్ష్యమని ఎలా అంటాను? ఆ స్టార్టరు అలా పెట్టి ఉంది. ఏది వదులుకోవాలో అది వాడితో ఎంపిక చేయిస్తోంది, రొయ్యనా, ప్రాణమా అని. చీకట్లో, నిద్రమత్తులో.

గట్టు మీదే కూర్చుని కాగితం మీద రాశాం. ఎవరు దిగుతారు? వాడు, కాపలా ఉండే మావయ్య. ఎప్పుడు? ఎన్నిసార్లు? ఏ అతుకు ఎక్కడ? ఎర్తు రాడ్డు ఉందా? ఉంది, కానీ దాని చుట్టూ మట్టి ఎండి పగిలింది. మొదట వాడన్నాడు, "ఆ ట్రిప్పయ్యే పెట్టె ఒకసారి పెట్టామక్కా. వానొస్తే చాలు పడిపోయేది. ఒక రాత్రి నాలుగూ ఆగిపోయి కాయ పోయింది. తీసేశాం." ఇది నాకు తెలియని సంగతి. వాడు చెప్పిన పెట్టె ఆర్‌సీసీబీ, కరెంటు కొంచెం లీకయినా లైను ఆపేస్తుంది. 30 మిల్లీ ఆంపియర్ల ఆర్‌సీసీబీ పెట్టండి అని ఎన్నో చోట్ల చెప్పాను. నాలుగింటికీ కలిపి ఒకటే పెడితే, ఎక్కడో ఒక అతుకు తడిసినా అన్నీ ఆగిపోతాయని, దాంతో జనం తీసేస్తారని ఎప్పుడూ ఆలోచించలేదు.

ఒక్కో ఏరియేటరుకు ఒక్కో స్విచ్చు, ఒక్కో ఆర్‌సీసీబీ పెట్టాం. అతుకులు లేని కొత్త కేబులు, వెదురు బదులు సిమెంటు స్తంభాలు, పెట్టెకు పైన రేకు. అయిదారు బస్తాల మేత డబ్బులు అయ్యాయి. వాడి దగ్గర లేకపోతే నేను సర్దాను. ఒక్కటి ఆపి దిగితే మిగతా మూడూ తిరుగుతూనే ఉంటాయి, పది నిమిషాలకు కాయకు ఏమీ కాదు. ఇప్పుడు ఆపే దిగుతాడు, ఆపడానికి భయం లేదు కాబట్టి.

మొన్న ఆగస్టులో రెండు రోజులు ఎడతెరిపి లేని వాన. రాత్రి రెండుంబావుకు ఫోను. ఆ టైములో వాడి పేరు చూసి గుండె ఆగినంత పనైంది.

"అక్కా, మూడోది ట్రిప్పయింది. మళ్ళీ వేస్తే మళ్ళీ పడిపోయింది. మిగతావి తిరుగుతున్నాయి. నేను దిగలేదు. తెల్లారాక ఎలక్ట్రీషియన్‌ని తీసుకొచ్చి చూపిస్తా. నీకు చెప్పి పడుకుందామని చేశా."

తెల్లారాక చూస్తే గట్టు అంచున కేబులును పందికొక్కు కొరికేసి ఉంది. రాగి తీగ బయటికి వచ్చి, సగం నీళ్ళలో ఉంది. మావయ్య రోజూ మేత తట్ట పట్టుకుని దిగే మెట్టు పక్కనే.